పటాన్‌చెరు షెడ్డుకి నంబర్ ఎలా వచ్చింది: కరోడ్‌గిరి నుంచి జీఎస్టీ దాకా

మన ప్రాంత చరిత్ర గురించి మాట్లాడుకుంటున్న ఈ ఎపిసోడ్లలో కోటల గురించి చెప్పుకున్నాం, చెరువుల గురించి చెప్పుకున్నాం. ఇవాళ ఒక దరఖాస్తు ఫారం గురించి చెప్తాను. ఫారంలో చరిత్ర ఏముంటుంది అనుకోకండి. చాలా ఉంది.

పాశమైలారంలో నాకు తెలిసిన ఒక కుర్రాడు ఉన్నాడు. పదేళ్ళు వేరేవాళ్ళ దగ్గర లేత్ మీద పనిచేశాడు. చేతిలో ఉన్న పైసలు కొన్ని, అప్పు కొంత వేసి ఒక సెకండ్‌హ్యాండ్ సీఎన్‌సీ మిషన్ కొన్నాడు. చిన్న షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. పని ఇస్తామన్న కంపెనీ ఒక్కటే అడిగింది: జీఎస్టీ నంబర్ పెట్టండి, వెండర్ కోడ్ ఇస్తాం అని. అప్లై చేశాడు. కొన్ని రోజులకి ఆన్‌లైన్‌లో నోటీసు వచ్చింది. మీరు చూపించిన జాగ కరెంటు బిల్లు ఇంకెవరి పేరు మీదనో ఉంది, వివరణ ఇవ్వండి అని. ఇక్కడ కిరాయి మీటర్ తిరుగుతోంది, బ్యాంకు కిస్తీ తేదీ దగ్గరపడుతోంది. నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మిషన్ నాది, పని నాది, నేను ఇక్కడనే ఉన్నా. కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకేంది?"

న్యాయమైన ప్రశ్న. నేను అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని వెనక్కి వెళ్ళి చూస్తే అర్థమైంది. ఆ ఫారంలో ఉన్న ప్రతి గడి వెనకాల ఒక పాత కథ ఉంది. రాష్ట్రం కోడ్ ఒక కథ, పాన్ ఒక కథ, జాగ రుజువు ఒక కథ, వేలిముద్ర ఒక కథ. వరసగా చెప్తాను.

ముందు నిజాం కాలానికి వెళ్దాం. హైదరాబాద్ సంస్థానంలో కరోడ్‌గిరి అని ఒక శాఖ ఉండేది. ఇప్పటి మాటలో కస్టమ్స్. సంస్థానంలోకి వచ్చే సరుకు మీద, బయటికి పోయే సరుకు మీద సుంకం వసూలు చేసేవాళ్ళు. బ్రిటిష్ వాళ్ళతో 1802లో జరిగిన ఒప్పందం ప్రకారం ఆ సుంకం నూటికి ఐదు. బండి నాకా దగ్గర ఆగాలి, మూటలు లెక్కపెట్టాలి, సుంకం కట్టాలి, రసీదు తీసుకోవాలి, ముందుకి పోవాలి. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ పద్ధతిలో సర్కారుకి కావలసింది సరుకు. వ్యాపారి ఎవరు, దుకాణం ఎక్కడ, ఏడాదికి ఎంత అమ్మాడు అనేది నాకాలో కూర్చున్న మనిషికి అక్కర్లేదు. సరిహద్దు దాటేటప్పుడు పట్టుకుంటే చాలు. కాబట్టి నాకా పన్నుకి వ్యాపారి నంబర్‌తో పనిలేదు.

అదే సమయంలో పక్కన మద్రాసు ప్రెసిడెన్సీలో వేరే కథ నడుస్తోంది. రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మొదలుపెట్టి మద్యనిషేధం తెచ్చింది. కల్లు, సారా మీద వచ్చే ఆదాయం పోతుంది కదా, దాన్ని ఎక్కడినుంచి పూడ్చాలి? 1939లో జనరల్ సేల్స్ టాక్స్ చట్టం తెచ్చారు. అన్ని రకాల సరుకుల అమ్మకం మీద పన్ను వేసిన చట్టం మన దేశంలో అదే మొదటిది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి బెజవాడ వ్యాపారి, గుంటూరు వ్యాపారి 1939 నుంచే అమ్మకం పన్ను లెక్కలోకి వచ్చారు. సంగారెడ్డి వ్యాపారి రాలేదు.

సంగారెడ్డికి ఆ పన్ను 1950లో వచ్చింది. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ ఆర్థిక వ్యవస్థను కేంద్రంతో కలిపారు. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఇన్‌కంటాక్స్ చట్టం ఇక్కడికి వచ్చింది. దేశం లోపల ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ మధ్య కస్టమ్స్ నాకాలు ఉండటం కొత్త రాజ్యాంగం ఉద్దేశానికి సరిపడదు. అయితే ఉన్నపళంగా తీసేస్తే పాత సంస్థానాల ఖజానా ఖాళీ అవుతుంది. అందుకని కొంతకాలం సర్దుబాటు చేసుకోవడానికి రాజ్యాంగంలో 306వ అధికరణం పెట్టారు. 1956లో దాన్ని తీసేశారు. అలా నాకా ఆదాయం పోయే రోజు దగ్గరపడింది. హైదరాబాద్ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం 1950లోనే వచ్చింది.

ఇప్పుడు సర్కారు పని మారిపోయింది. సరిహద్దులో కూర్చుంటే అమ్మకం కనపడదు. అమ్మకం దుకాణంలో జరుగుతుంది. కాబట్టి దుకాణం ఎక్కడుందో తెలియాలి, లెక్కల పుస్తకాలు ఎక్కడ పెడతాడో తెలియాలి, ఇన్‌స్పెక్టర్ వెళ్ళి తలుపు తట్టడానికి ఒక చోటు ఉండాలి. రిజిస్ట్రేషన్ అనే మాటకి అసలు అర్థం ఇదే. మన కుర్రాడి కరెంటు బిల్లు తగాదా అక్కడ పుట్టింది. అమ్మకం పన్ను చట్టం కళ్ళకి వ్యాపారి అంటే ముందు ఒక జాగ, ఆ తర్వాతే మనిషి.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రం ఒకటే, పన్ను చట్టాలు రెండు. ఆంధ్ర జిల్లాల్లో మద్రాసు చట్టం, తెలంగాణ జిల్లాల్లో హైదరాబాద్ చట్టం. రెండింటినీ కలిపి ఆంధ్రప్రదేశ్ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం 1957 జూన్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. పాత బిల్లుబుక్కుల మీద ఏపీజీఎస్‌టీ నంబర్ అని అచ్చువేసి ఉండేది, చూసే ఉంటారు. అది ఈ చట్టం కింద వచ్చిన నంబరే. అదే 1957లో సెంట్రల్ సేల్స్ టాక్స్ కూడా మొదలైంది. రాష్ట్రం దాటి జరిగే అమ్మకాల మీద పన్ను అది. దానికి ఇంకో నంబర్.

సరే, ఇప్పుడు పటాన్‌చెరుకి వద్దాం. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ వచ్చిందంటే దాని చుట్టూ చిన్న చిన్న షెడ్లు వస్తాయి. ఒకరు ఫ్లాంజీలు తిప్పుతారు, ఒకరు వెల్డింగ్ చేస్తారు, ఒకరు కాస్టింగులు పోస్తారు. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. 1973లో ఏపీఐఐసీ పెట్టారు. ఆ సంస్థ ప్లాట్లు వేసి, రోడ్లు వేసి పారిశ్రామికవాడలు కట్టింది. మెదక్ జిల్లా వెనుకబడిన జిల్లాల జాబితాలో ఉండేది. కాబట్టి ఇక్కడ ఫ్యాక్టరీ పెడితే రాయితీలు దొరికేవి, హైదరాబాద్ పక్కనే ఉన్నట్టూ ఉండేది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకి గెలిచారు. రాయ్‌బరేలీ కూడా గెలిచి దాన్ని వదులుకుని మెదక్‌ని ఉంచుకున్నారు. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం అన్నీ ఫ్యాక్టరీలతో నిండిపోయాయి. దానివల్ల నక్కవాగు ఏమైందో అది వేరే కథ, దానికి వేరే ఎపిసోడ్ కావాలి.

ఈ షెడ్లకి నంబర్ ఎందుకంత ముఖ్యం? పన్ను కట్టడానికే అయితే ఎవరూ నంబర్ కోసం పరిగెత్తరు కదా. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ రోజుల్లో ఒక షెడ్డు ఓనరు వేరే రాష్ట్రం నుంచి సరుకు తెప్పించుకోవాలి అనుకోండి. సెంట్రల్ సేల్స్ టాక్స్ నంబర్ ఉండి, సీ ఫారం ఇవ్వగలిగితే పన్ను 4 శాతం. సీ ఫారం ఇవ్వలేకపోతే 10 శాతం, లేదా అమ్మే రాష్ట్రంలో లోకల్ రేటు, ఏది ఎక్కువైతే అది. చిన్న షెడ్డుకి మిగిలే లాభమే ఆ తేడా అంత ఉండదు. ఆ సీ ఫారాలు ఎక్కడ దొరుకుతాయి? సేల్స్ టాక్స్ ఆఫీసులో, లెక్కపెట్టి ఇస్తారు. ఎవరికి ఇస్తారు? నంబర్ ఉన్నవాళ్ళకి.

ఇంకో విచిత్రం చూడండి. 1990లలో కొత్త ఫ్యాక్టరీలకి టాక్స్ హాలిడే ఇచ్చారు. టార్గెట్ 2000 అని ఒక పథకం ఉండేది. కొన్నేళ్ళపాటు సేల్స్ టాక్స్ మినహాయింపు, లేకపోతే వాయిదా. మరి పన్ను కట్టక్కర్లేని ఫ్యాక్టరీకి నంబర్ అక్కర్లేదు కదా? అక్కర్లేకపోవడం కాదు, ఇంకా ఎక్కువ కావాలి. నంబర్ ఉంటేనే నీకు మినహాయింపు ఇచ్చానని సర్కారు రాసుకోగలదు. అంటే అప్పటికే నంబర్ అర్థం మారిపోయింది. అది పన్ను కట్టేవాడి గుర్తు మాత్రమే కాదు, బజారులోకి అడుగుపెట్టే టికెట్టు.

2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. విలువ ఆధారిత పన్ను. ఈ ఆలోచన మనది కాదు, 1954లో ఫ్రాన్సులో మోరిస్ లోరే అనే పన్నుల అధికారి చేతుల మీదుగా అమల్లోకి వచ్చింది. మన దగ్గర రాష్ట్రాల ఆర్థికమంత్రుల కమిటీకి అసీమ్ దాస్‌గుప్తా అధ్యక్షుడిగా ఉండి రాష్ట్రాలని ఒప్పించారు. పాత పద్ధతిలో చాలా సరుకులకి రాష్ట్రంలో మొదట అమ్మినవాడు పన్ను కడితే సరిపోయేది, తర్వాత అమ్మినవాడు ఇది పన్ను కట్టిన సరుకే అని చూపిస్తే చాలు. వ్యాట్‌లో ప్రతి మెట్టు దగ్గరా పన్ను ఉంటుంది, కానీ కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పుడు కట్టేదాంట్లో తగ్గించుకోవచ్చు. తగ్గించుకోవాలంటే అమ్మినవాడి టిన్ నంబర్ బిల్లు మీద ఉండాలి. 11 అంకెల నంబర్. ఆంధ్రప్రదేశ్‌కి ముందు రెండంకెలు 28.

ఈ మార్పు చిన్న షెడ్డు బతుకునే మార్చేసింది. ఇంతకుముందు నీ నంబర్ సర్కారు అడిగేది. ఇప్పుడు నీ నంబర్ నీ కస్టమరు అడుగుతాడు. నీకు నంబర్ లేకపోతే అతనికి పన్ను వెనక్కి రాదు. కాబట్టి నీ దగ్గర కొనడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపు తట్టే అవసరం లేకుండా బజారే ఇన్‌స్పెక్టర్ పని చేస్తుందన్నమాట. వ్యాట్ తెలివి అంతా ఇక్కడే ఉంది, చిన్నవాడికి ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. సర్కారుకి పన్ను కట్టక్కర్లేనంత చిన్నవాడు కూడా కస్టమరు కోసం నంబర్ తీసుకోవాల్సిందే.

2014 జూన్ 2. తెలంగాణ ఏర్పడింది. టిన్‌లో ముందున్న 28 పోయి 36 వచ్చింది. బిల్లుబుక్కులు మళ్ళీ అచ్చువేయాలి, రబ్బరు స్టాంపులు మార్చాలి, గేటు మీద బోర్డు మార్చాలి. అది చిన్న ఖర్చే. పెద్ద సంగతి వేరే ఉంది. జూన్ 1న పటాన్‌చెరు నుంచి విజయవాడకి పంపిన పంపుసెట్టు లోకల్ అమ్మకం. మర్నాడు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. సెంట్రల్ సేల్స్ టాక్స్, సీ ఫారం, చెక్‌పోస్టు. విజయవాడలో గోడౌన్ ఉన్న కంపెనీకి అక్కడ వేరే రిజిస్ట్రేషన్ కావాలి. 1956లో కలిసిన బజారు 58 ఏళ్ళకి మళ్ళీ రెండు ముక్కలైంది. ఉద్యమం చేసినవాళ్ళెవరూ సీ ఫారాల కోసం చేయలేదు, సమైక్యం అన్నవాళ్ళూ వాటికోసం అనలేదు. కానీ రాష్ట్రం గీత ఎక్కడ పడితే అక్కడ బిల్లుబుక్కు మీద కూడా ఒక గీత పడుతుంది. ఫారంలో రాష్ట్రం కోడ్ అనే రెండంకెల వెనక ఉన్న కథ ఇది. ఇప్పుడు జీఎస్టీలో తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. ఆ పాత 28 ఉమ్మడి రాష్ట్రంతోపాటే వెళ్ళిపోయింది.

ఇక పాన్ కథ. ఇన్‌కంటాక్స్ వాళ్ళ దగ్గర పాతకాలంలో జీఐఆర్ నంబర్ అని ఉండేది. అది ఆఫీసు రిజిస్టరులో నీ పేరు ఎన్నో వరసలో ఉందో చెప్పే నంబర్. వార్డు మారితే నంబర్ మారుతుంది. అంటే అది కూడా జాగకి కట్టేసిన నంబరే. 1970లలో పాన్ వచ్చింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న 10 అక్షరాల పాన్ 1995లో మొదలైన కొత్త వరస. దాంట్లో నాలుగో అక్షరం చూడండి. మామూలు మనిషి అయితే పీ, భాగస్వామ్య సంస్థ అయితే ఎఫ్, కంపెనీ అయితే సీ. ఊరు మారినా, వార్డు మారినా ఆ నంబర్ మారదు. నంబర్ జాగని వదిలి మనిషిని పట్టుకుంది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఈ రెండు వంశాలూ కలిశాయి. జీఎస్టీ నంబర్‌లో 15 స్థానాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్. తర్వాత పది నీ పాన్. పదమూడోది ఆ రాష్ట్రంలో అదే పాన్ మీద ఇది ఎన్నో రిజిస్ట్రేషన్ అనేది. పద్నాలుగోది మామూలుగా జెడ్ అనే అక్షరం. ఆఖరిది నంబర్ తప్పు పడిందో లేదో పట్టుకునే అక్షరమో అంకెో. అంటే 36 అనే జాగ ముందు, నువ్వు అనే మనిషి వెనక. అమ్మకం పన్ను వాళ్ళ పాత పట్టుదలా, ఇన్‌కంటాక్స్ వాళ్ళ పట్టుదలా ఒకే నంబర్‌లో ఇమిడిపోయాయి. అందుకే ఫారంలో పాన్ కావాలి, జాగ రుజువూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది వదిలేయడం కుదరదు.

నాకాలు కూడా పోయాయి. ముంబై రోడ్డు మీద జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి చెక్‌పోస్టులో లారీలు బారులు తీరి ఉండేవి, ఆ దారిన పోయినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. జీఎస్టీతో వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు వచ్చింది. నిజాం కాలంలో నాకా ఉండేది, నంబర్ లేదు. ఇప్పుడు నాకా లేదు, నంబరే నాకా. లారీ ఎక్కడున్నా ఆ నంబర్ కంప్యూటర్లో కనిపిస్తూనే ఉంటుంది.

మరి అన్నీ బాగుంటే మా కుర్రాడిని ఎందుకు అంత సతాయించారు? ఇది ఆఖరి కథ. బిల్లు మీద నంబర్ ఉంటే పన్ను వెనక్కి వస్తుంది అన్నాం కదా. కొంతమందికి ఒక ఆలోచన వచ్చింది. సరుకు లేకుండా బిల్లు మాత్రమే అమ్మితే? ఎవరో కూలీ మనిషి ఆధార్, పాన్ జిరాక్సులు తీసుకుని, ఎవరిదో కరెంటు బిల్లు జతచేసి నంబర్ తీసుకోవడం, కాగితం మీద కోట్ల వ్యాపారం చూపించడం, మాయమైపోవడం. నోటీసు మాత్రం ఆ కూలీ ఇంటికి వస్తుంది. అందుకని 2020 ఆగస్టు నుంచి ఆధార్ ధ్రువీకరణ పెట్టారు. 2023 మే 16 నుంచి జూలై 15 దాకా దేశమంతా దొంగ రిజిస్ట్రేషన్ల మీద ప్రత్యేక తనిఖీ చేశారు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ 53వ సమావేశం వేలిముద్రల పద్ధతిని దేశమంతటికీ దశలవారీగా తీసుకురమ్మంది. దొంగ చేసిన పనికి నిజంగా మిషన్ పెట్టుకున్నవాడు రుజువులు చూపించుకోవాల్సి వస్తోంది. ఇది అన్యాయమా అంటే కొంత అన్యాయమే. కానీ కరెంటు బిల్లు అడగడం వెనక కారణం ఉంది.

పాశమైలారం లాంటి చోట్ల ఇది ఇంకా చిక్కు. ప్లాటు ఒకరికి అలాట్ అయి ఉంటుంది, షెడ్డు ఇంకొకరికి కిరాయికి ఇచ్చి ఉంటారు, కరెంటు కనెక్షన్ అంతకుముందు ఉన్నవాళ్ళ పేరు మీదే ఉండిపోతుంది. నిజంగా పనిచేసేవాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు. మా కుర్రాడిదీ అదే పరిస్థితి. నోటీసు వచ్చాక జవాబు ఇవ్వడానికి ఏడు పనిదినాలు టైము ఉంటుంది. అతను కోపంతో రెండు రోజులు పోగొట్టుకున్నాడు. తర్వాత షెడ్డు ఓనరు దగ్గర కిరాయి అగ్రిమెంటు, ఓనరు ఆ జాగకి హక్కుదారు అని చూపించే కాగితం, సమ్మతి పత్రం తీసుకుని, మిషన్ ముందు నిలబడి ఫోటో దిగి, అన్నీ కలిపి అప్‌లోడ్ చేశాడు. నంబర్ వచ్చింది.

కొత్తగా పెట్టుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఒకటి, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి సర్కారు ఫీజు లేదు. ఎవరైనా సర్కారు ఫీజు అని పైసలు అడిగితే నమ్మకండి, కన్సల్టెంటు తన పనికి తీసుకునేది వేరు. రెండు, సరుకు అమ్మేవాళ్ళకి చాలా రాష్ట్రాల్లో 40 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తెలంగాణలో మాత్రం ఆ పరిమితి 20 లక్షలే. మూడు, నంబర్ వచ్చాక వ్యాపారం లేని నెలల్లో కూడా రిటర్నులు వేయాలి. వేయకపోతే రద్దు చేస్తారు. రద్దయిన నంబర్ మీద బిల్లు ఇస్తే కస్టమరుకి పన్ను వెనక్కి రాదు, మళ్ళీ మీ గడప తొక్కడు. నాలుగు, మీ ఆధార్, పాన్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి, తెలిసినవాళ్ళైనా సరే. మీ పేరు మీద వచ్చిన నంబర్ చేసే ప్రతి పనికీ మీరే జవాబుదారు.

నిజాం కాలంలో బండి తోలుకొచ్చిన మనిషి నాకా దగ్గర సుంకం కట్టి, రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. మర్నాటికి సర్కారు అతన్ని మరిచిపోయేది. ఇవాళ సర్కారు మరిచిపోదు. అది మంచిదా చెడ్డదా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. ఆ జ్ఞాపకం వల్లే బ్యాంకు మా కుర్రాడి రిటర్నులు చూసి రెండో మిషన్‌కి లోను ఇచ్చే అవకాశం ఉంది. ఆ జ్ఞాపకం వల్లే ఏ పాపం తెలియని కూలీ ఇంటికి నోటీసు వచ్చే అవకాశమూ ఉంది.

గేటు దగ్గర బోర్డు మీద నంబర్ రాయించాలి, అది రూలు. మొన్న అటువైపు వెళ్ళినప్పుడు చూశాను. షెడ్డు పేరు చిన్నగా, కింద 36తో మొదలయ్యే నంబర్ పెద్దగా రాయించాడు. ఎందుకురా అంత పెద్దగా అంటే, "పేరు ఎవరడుగుతున్నరన్నా, అందరూ నంబరే అడుగుతున్నరు" అన్నాడు.

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.